చచ్చిపోయాక నవ్వాలట

మా నాటకాల వాళ్ళలో ఎవరైనా హైదరాబాదు వెళ్ళొస్తే వారం రోజులపాటు వాళ్ళ చుట్టూ ఈగల్లా మూగుతాం. ఫిలింనగర్ చూశావా, ఎవరైనా కనపడ్డారా, దగ్గర్నుంచి కూడా అంత తెల్లగానే ఉంటారా అని ఒకటే ప్రశ్నలు. నేను వచ్చిన దగ్గర్నుంచీ నన్నూ అలాగే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పలేక గొంతు పోయేలా ఉంది. పైగా చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం కొంచెం బాగుపడుతోంది, అది నాకే నచ్చడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పడేస్తే వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళేముందు చదువుకుంటారు. వెళ్ళొద్దని చెప్పడానికి రాయడం లేదు. వెళ్ళమని చెప్పే మొహమూ నాకు లేదు.

నా పేరు సుభద్ర. మాది రేపల్లె. పగలు చీరలకి ఫాల్స్ కుడతాను. పిలుపు వస్తే పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తాను. పరిషత్తులంటే మా వైపు ఊళ్ళల్లో ఏటేటా జరిగే నాటకాల పోటీలు. ఒకప్పుడు జనం చాపలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు. ఇప్పుడు టీవీల్లో సీరియళ్ళు వచ్చాక ముందు వరసలో జడ్జీలు, వెనక వరసలో కుక్కలు. అయినా వేస్తున్నాం. నలభై దాటాను. ఇన్నేళ్ళూ స్టేజీ మీద చెప్పిన మాటలు ఏ రాత్రివి ఆ రాత్రే గాలికి పోయాయి. ఒక్క మాటయినా నా గొంతుతో సినిమాలో ఉండిపోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. పెద్ద వేషం అక్కర్లేదు, పేరు వెయ్యక్కర్లేదు, మాట చాలు.

పోయిన ఏడు ఒక పోటీకి శేషు అనే ఆయన వచ్చాడు. సినిమా కంపెనీలకి చిన్న చిన్న వేషగాళ్ళని కుదిర్చి పెట్టే మేనేజరు. నా వేషం చూసి, పక్కింటి వాళ్ళ ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఊసే లేదు. నేనూ ఆశ వదిలేసుకున్నాక ఒక రోజు పక్కింటి కోడలు గోడ మీంచి కేకేసింది, హైదరాబాదు నుంచి ఫోనని. పరిగెత్తాను.

"అక్కయ్యగారూ, హీరో తల్లి వేషం. చనిపోయే ముందు కొడుకుతో మాట్లాడే సీను, రెండు పేజీలు ఉంది. సోమవారానికల్లా వచ్చేయండి. మీరు తిరిగి ఫోన్ చెయ్యక్కర్లేదండీ, నా సెల్లుకి ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు పోతాయి" అన్నాడు.

రెండు పేజీలు! ఆ రాత్రి అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశానట. మా ఆయన రైసుమిల్లులో గుమాస్తా. ఆ అన్నమే తిని, "వెళ్ళిరా. వెళ్ళకపోతే జీవితాంతం ఆ సీను నాకే చూపిస్తావు" అన్నాడు.

రైల్లో

రేపల్లె నుంచి పాసింజరు ఎక్కాను. తెనాలి దాటేసరికి పెట్టె నిండిపోయింది. ఎదురు సీట్లో నలుగురు కుర్రకారు, ఆడా మగా. ఒళ్ళో లావుపాటి కంప్యూటరు పుస్తకాలు. ఒకరి తర్వాత ఒకరు ఇంగ్లీషులో తమ పేరు, ఊరు, నాన్న ఏం చేస్తాడు, తమకున్న మంచి గుణాలేమిటి, గడగడా చెబుతున్నారు. ఒకరు తప్పు పోతే మిగతావాళ్ళు సరిచేస్తున్నారు. రిహార్సలు చూడగానే గుర్తుపడతాను కదా, ఏ నాటకం అని అడిగాను. పకపకా నవ్వారు. అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకి ఇంటర్వ్యూలకి వెళ్ళాలట, దానికి సాధన.

వాళ్ళలో ఒక అమ్మాయి, "మేము ఆర్నెల్లు నేర్చుకుంటాం ఆంటీ. మీరు ఏ కోర్సుకి వెళ్తున్నారు?" అంది.

"చచ్చిపోయే కోర్సుకి" అన్నాను. తల్లి వేషం గురించి చెప్పాను. నా పులిహోర వాళ్ళు తిన్నారు, వాళ్ళ జంతికలు నేను తిన్నాను. ఆ సీను ఎలా ఉంటుందో చెప్పమంటే, ఇంకా కాయితం చేతికి రాకపోయినా నాకు తోచిన మాటలు కల్పించి చెప్పాను. ఆ అమ్మాయికి కళ్ళనీళ్ళు వచ్చాయి. పై బెర్తులో పడుకున్న పెద్దాయన లేచి, "అమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. ఈ ప్రయాణంలో మళ్ళీ అంతగా గర్వపడలేదు.

సికింద్రాబాదులో దిగి ఆటో ఎక్కాను. కృష్ణానగర్ అనగానే ఆటో ఆయన అద్దంలో నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"సినిమాలకా అమ్మా?"

"అవును."

"గా అమీర్‌పేట పిల్లలు గిట్ల వస్తరు, కోర్సు చేస్తరు, నౌకరీ దొరికిందని నా ఆటోలనే హైటెక్ సిటీకి పోతరు. గీ కృష్ణానగరోళ్లను ఏండ్ల సంది జూస్తున్న. ఏడ దించిననో గాడ్నే ఉంటరు. జర సోంచాయించుకోని, ఆలోచన జేస్కోని రావాలె అమ్మా."

దిగేటప్పుడు మా రేపల్లెలో నెల ఆటోలకి అయ్యేంత అడిగాడు. మంచి మాట చెప్పినందుకు కూడా కలిపాడేమో అనుకున్నాను. అడిగినంతా ఇచ్చేశాను.

తాయారక్క గది

నేను దిగింది తాయారక్క దగ్గర. మా వైపు పాత నాటకాల వాళ్ళకి ఆవిడ పేరు చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ళకి చెప్పాలి. నాకు స్టేజీ మీద నిలబడడం, ఊపిరి పట్టడం, వెనక వరసకి మాట వినపడేలా విసరడం నేర్పింది ఆవిడే. ఆవిడ అత్త, నేను కోడలు. ఆ జంటకి ఎన్ని ఊళ్ళల్లో చప్పట్లు పడ్డాయో! ఆ జంట మంచి ఊపు మీద ఉండగానే ఆవిడ సినిమాల్లోకి వెళ్తానని పెట్టె సర్దుకుని హైదరాబాదు వచ్చేసింది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, ఆపేవాళ్ళూ లేరు. తర్వాత ఎప్పుడో ఒక సినిమాలో పెళ్ళి సీనులో వెనక నిలబడి కనిపించిందని మావాళ్ళు చెప్పుకున్నారు.

సందులోకి సందు, అందులోకి మెట్లు. మెట్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫైటు ప్రాక్టీసు చేస్తున్నారు. నేను వెళ్ళేదాకా ఒకడి పిడికిలి రెండోవాడి ముక్కు ముందు ఆగింది. పైన గదిలో తాయారక్క నన్ను చూసి కావలించుకుంది. బాగా చిక్కిపోయింది. గొంతు కూడా చిన్నదైపోయింది, పక్క గదిలో రోగి ఉన్నట్టు మాట్లాడుతోంది. గదిలో ఒక తీగ మీద రెండు చీరలు ఇస్త్రీ చేసి వేలాడుతున్నాయి. ఒకటి పట్టుది, ఒకటి తెల్లది.

"పట్టుది పెళ్ళిళ్ళకి, తెల్లది చావులకి. ఏజెంటు ఏది కట్టుకు రమ్మంటే అది కట్టుకుని తెల్లారేసరికి మలుపులో నిలబడాలి. వ్యాను వస్తుంది" అంది.

తాయారక్క ఇప్పుడు గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు. హీరో పెళ్ళిలో అక్షింతలు వేసేది, గుళ్ళో దణ్ణం పెట్టేది, వీధి గొడవలో చేతులు ఊపేది ఈ గుంపే. వెనక వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు మనకి తెర మీద కనపడుతుంది చూడండి, వాళ్ళు మాట్లాడరట. పెదాలు మాత్రం ఆడిస్తారు. గొంతు రాకూడదు. ఎవరైనా ఒక్క మాట పైకి అంటే వాళ్ళు మాట్లాడే వేషం వేసినట్టు లెక్క, దానికి రేటు వేరు, సంఘం వేరు. అందుకని ఏజెంట్లు గుంపు చుట్టూ కాపలా తిరుగుతూ ఉంటారట, ఎవరి నోట్లోంచీ ఏమీ రాకుండా.

"ఇన్నేళ్ళూ అదేనా అక్కా?" అన్నాను.

"అదే. మొదట్లో చాలా కష్టమయ్యేదే. అలవాటైపోయింది" అంది, నాకు కాఫీ కలుపుతూ.

పొన్నూరులో ఈవిడ మైకు పాడైపోతే మైకు లేకుండా నాటకమంతా లాగించేసింది. అంతమంది జనానికీ ప్రతి మాటా వినపడింది. అలాంటి మనిషిని తెచ్చి పెదాలు ఆడించమన్నారు.

సాయంత్రం ఇంటి ఓనరు యాదమ్మ పైకి వచ్చింది. పుట్టి పెరిగింది అక్కడే. ఈ ఊరు మేకలు మేసే గుట్టగా ఉన్నప్పటి నుంచీ తెలుసట. నాకోసం వేడివేడి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిరపకాయలు కలిపి గిన్నెలో అంటించి కాలుస్తారు. మా తపాలచెక్కకి అక్కలా ఉంది, కారం మాత్రం అత్తగారిలా ఉంది. నేను నీళ్ళు తాగుతుంటే నవ్వి, తాయారక్క కిందికి వెళ్ళాక గొంతు తగ్గించింది.

"నువ్వన్న జర చెప్పరాదమ్మా గామెకు. గీ సాఫ్ట్‌వేరోళ్లు వచ్చినంక కిరాయిలు రెండింతలైనయ్. నలుగురు పోరగాండ్లు గీ రూముకు అడ్వాన్స్ పట్టుకోని తిరుగుతున్నరు. నాకు మనసొప్తలేదు, గని నా ఇల్లు నడవాలె గద. ఊరికి తోల్కపోతె మంచిగుంటది. గీడ ఏమున్నది గామెకు?"

ఏముందో నాకూ తెలియలేదు. తాయారక్క పైకి వచ్చాక ఆ సంగతి ఎత్తాను, మెల్లగా, సర్వపిండి గురించి మాట్లాడినట్టే. ఆవిడ చీర మడత సరిచేస్తూ, "ఊరికొచ్చి ఏం చెయ్యనే?" అంది. ఫాల్స్ కుట్టమని చెప్పనా?

ఫిలింనగర్

మర్నాడు శేషు నన్ను ఫిలింనగర్‌లో కంపెనీ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. మన ఊళ్ళల్లో ఫిలింనగర్ అంటే పూలదండలూ, బ్యాండు మేళమూ ఊహించుకుంటాం. నాకు కనిపించినవి ఎత్తయిన గోడలు, గేట్లు, గేట్ల వెనక నుంచి మొరిగే కుక్కలు. గోడల బయట చెట్ల నీడన ఆల్బములు చంకన పెట్టుకున్న మనుషులు. ఆల్బముల్లో తమ ఫొటోలే, కోపంగా ఒకటి, నవ్వుతూ ఒకటి, టోపీతో ఒకటి. కారు వస్తే అందరూ ఒకేసారి లేచి నిలబడి జుట్టు సవరించుకుంటున్నారు. కారు వెళ్ళిపోతే మళ్ళీ కూర్చుంటున్నారు. పక్కనున్న హోటల్లో ఇడ్లీ ధర మా ఊళ్ళో కంటే మూడింతలు, చట్నీ మాత్రం నీళ్ళు. అక్కడ నాతో ఒక పెద్దాయన బల్ల పంచుకున్నాడు. ఒక ఇడ్లీ తిని రెండోది కాగితంలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను చూశానని తెలిసి, "మధ్యాహ్నం ఆకలి వెయ్యదండీ నాకు" అన్నాడు.

కలలు కనాలి, ధైర్యం చెయ్యాలి అని మన సభల్లో దండలు వేయించుకుని చెబుతారు కదా. ధైర్యం లేనివాళ్ళు ఆ వీధుల్లో నాకు ఒక్కరూ కనపడలేదు. కడుపు నిండా తిన్నవాళ్ళు మాత్రం ఎక్కువమంది కనపడలేదు.

ఆఫీసులో కో-డైరెక్టరుగారు సీను కాయితాలు ఇచ్చి చదవమన్నారు. పాతికేళ్ళ పైచిలుకు ఉంటాయేమో, మర్యాదగానే ఉన్నాడు. నేను నిలబడి, ఊపిరి తీసుకుని, మొదటి మాట విసిరాను. బయట గుర్ఖా లోపలికి తొంగిచూశాడు.

"మేడమ్, బాగుంది. కానీ ఇక్కడ అందరికీ చెవులున్నాయండీ. కొంచెం తగ్గించి చెప్పండి" అన్నాడు.

తగ్గించి చెప్పాను. బాగుందన్నాడు. సినిమాలో నా గొంతే ఉంటుందా అని భయపడుతూ అడిగాను. షూటింగులో చెప్పేది గుర్తు కోసమేనని, తర్వాత స్టూడియోకి పిలిచి మళ్ళీ చెప్పిస్తామని, మీ గొంతే ఉంచుతామని అన్నాడు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. వయసు అడ్డొచ్చి ఆగాను.

గదికి వచ్చాక తాయారక్క హీరో అయింది, నేను మంచం మీద తల్లినయ్యాను. ఆవిడ గొంతు తగ్గించే కొడుకు మాటలు చెప్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి వదలాలో వంట మానేసి మరీ నేర్పింది. "చివరి మాట అన్నాక వెంటనే కళ్ళు మూయకు. కొడుకుని కొంచెంసేపు చూడు. అప్పుడు పో" అంది. మెట్ల మీద ఫైటు కుర్రాళ్ళు తలుపు దగ్గర నిలబడి విన్నారు. మర్నాడు షూటింగుకి అదృష్టవశాత్తూ తెల్ల చీర గుంపులో ఆవిడనీ రమ్మన్నారు. నా శవం దగ్గర ఏడవడానికి. ఇద్దరం ఎగిరి గంతేశాం.

జూబ్లీహిల్స్ బంగళా

షూటింగుకి అద్దెకిచ్చే బంగళా అది. మా మిల్లు ఓనరు ఇల్లు దాని కారు షెడ్డులో పట్టేస్తుంది. నన్ను మేకప్ గదిలో కూర్చోబెట్టి జుట్టుకి తెలుపు పూశారు. కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు, "మేడమ్" అన్నారు. తాయారక్క, మిగతా తెల్ల చీరల వాళ్ళు గేటు పక్కన గోడ నీడలో కింద కూర్చున్నారు. భోజనాల దగ్గర నేను పళ్ళెం తీసుకుని ఆవిడ పక్కకి వెళ్ళబోతే ప్రొడక్షన్ ఆయన అడ్డం వచ్చాడు. మాట్లాడే ఆర్టిస్టులకి వరస వేరట, కూర కూడా వేరట. మా పరిషత్తుల్లో రాజు వేషగాడూ సేవకుడి వేషగాడూ ఒకే విస్తరి దగ్గర కూర్చుంటారు. నేను దూరం నుంచి తాయారక్క వైపు చూశాను. తినమని సైగ చేసింది.

పొద్దుటి నుంచీ కాయితాలు చదువుతూనే ఉన్నాను. హీరోగారు మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఆయనా డైరెక్టరూ చెట్టు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత కో-డైరెక్టరు నా దగ్గరికి వచ్చాడు. ఆయన నడకలోనే నాకు అర్థమైపోయింది.

"మేడమ్, చిన్న మార్పు. హీరోగారు వచ్చేసరికే తల్లి చనిపోయి ఉంటుంది."

"మరి సీను?"

"అదే సీనండీ. మీరు పడుకుని ఉంటారు. తల్లి మాట్లాడితే లాగినట్టు ఉంటుందని అనుకున్నారు."

"పోనీ, అంతకు ముందు ఏదైనా చెప్తానా? ఒక్క మాట? బాబూ అనైనా?"

"అంతకు ముందు సీను లేదు మేడమ్" అన్నాడు. పాపం, తలెత్తలేకపోయాడు. నా చేతిలో కాయితాలు మెల్లగా తీసుకుని వెళ్ళిపోయాడు.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. నిజంగా చెప్పులేసుకున్నాను. గేటు దగ్గర తాయారక్క లేచి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది, గుంపుకి అన్నీ ముందే తెలుస్తాయి.

"వెళ్ళి పడుకోవే. నువ్వు ఇవాళ వెళ్ళిపోతే శేషు ఇంక మన పరిషత్తుల వాళ్ళెవరికీ ఫోన్ చెయ్యడు" అంది.

వెళ్ళి పడుకున్నాను. హాల్లో పడుకోబెట్టబోతే బంగళా మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెళ్ళిళ్ళు చేసుకోండి, ఫైట్లు చేసుకోండి, అద్దాలు పగలగొట్టుకోండి, చావు మాత్రం గడప లోపల కుదరదు, ఓనరుగారు ఒప్పుకోరు అని పట్టుబట్టాడు. బయట పోర్టికోలో కార్లు నిలిపే చోట చాప వేశారు. చావడానికి కూడా నాకు లోపల చోటు దొరకలేదు. ముక్కులో దూది, నుదుట రూపాయి బిళ్ళ, మెడలో బంతిపూల దండ. దండలోంచి చీమ ఒకటి చెవిలోకి దారి వెతుక్కుంటోంది. చుట్టూ తెల్ల చీరలు కూర్చుని, గొంతు లేకుండా నోళ్ళు తెరిచి ఏడిచాయి. హీరోగారు వచ్చి నా మీద పడి, నేను రాత్రంతా నేర్చుకున్న జవాబులకి ప్రశ్నలన్నీ అడిగారు. "ఒక్కసారి మాట్లాడమ్మా" అన్నారు. ప్రతి ప్రశ్నకీ జవాబు నా గొంతు దాకా వచ్చి ఆగింది. ఊపిరి బిగపట్టి కదలకుండా పడుకున్నాను. మూడు టేకులయ్యాయి. కనురెప్ప కూడా ఆడలేదని అందరూ మెచ్చుకున్నారు.

దూది తీసేసుకుని లేవబోతుంటే కో-డైరెక్టరు, "లేవకండి మేడమ్, ఇంకొకటుంది. కెమెరా వైపు తిరిగి నవ్వాలి" అన్నాడు.

సినిమా వాళ్ళకి ఇదొక ఆచారం. శవం వేషం వేసిన మనిషి సీను అవగానే కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు ఫిలిం మీదకి ఎక్కాలి. లేకపోతే ఆ మనిషికి అరిష్టమని నమ్మకం. తర్వాత దాన్ని కోసి పారేస్తారు, సినిమాలో ఉండదు. మాటలు రికార్డు చేసే మిషను కూడా ఆపేస్తారు, బొమ్మ మాత్రమే. మంచి ఆచారమే. నా మేలు కోసమే అడిగారు.

నాకు నవ్వు రాలేదు.

కెమెరా తిరుగుతోంది. పెదాలు సాగదీశాను, ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో గ్లిజరిను ఎరగని దాన్ని, ఏడవమంటే ఏడ్చాను, నవ్వమంటే నవ్వాను. ఆ రోజు ఎంత పిలిచినా నవ్వు రాలేదు. "నవ్వండమ్మా, అరిష్టం" అన్నారొకరు. "ఫిలిం పోతోంది" అన్నారింకొకరు. మేకప్ ఆయన కోతి మొహం పెట్టాడు. హీరోగారు కూడా ఆగి చూస్తున్నారు. గుమ్మడికాయ మీద హారతి కర్పూరం పెట్టుకుని ఒకాయన దిష్టి తీయడానికి కాచుకుని ఉన్నాడు. అందరూ జాలిగా, విసుగ్గా నా మొహంలోకే చూస్తుంటే బుగ్గల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

అప్పుడు తెల్ల చీరల్లోంచి ఒక గొంతు లేచింది.

"ఒసే కోడలా! నా మొగుడు పోయిన రోజున కూడా ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం లేదే!"

మా పాత నాటకంలో అత్త మాట అది. అలిగి మూతి ముడుచుకున్న కోడలు ఆ మాటతో పగలబడి నవ్వాలి. ఎన్ని వందల రాత్రులు నవ్వానో ఆ మాటకి! ఆవిడ అనడమూ నేను నవ్వడమూ ఒక్కసారే జరిగిపోయాయి. దండ తెగేలా, నుదుటి బిళ్ళ ఎగిరిపడేలా నవ్వాను. కెమెరామన్ నవ్వాడు, హీరోగారు నవ్వారు. గుంపులో కొందరు గొంతు విప్పి నవ్వేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు, గుమ్మడికాయ పగిలింది.

ఆ నవ్వులు ఆగకముందే ఏజెంటు తాయారక్క రెక్క పట్టుకుని గోడ వారకి లాక్కెళ్ళాడు.

"ఎవరు మాట్లాడమన్నరు నిన్ను? గుంపుల నుంచి డైలాగ్ కొడతవా? రేపు సంఘమోళ్లు అడిగితే ఏం జెప్పాలె నేను? నువ్వు ఇంక నా వ్యాను ఎక్కకు. పో!"

నేను దండతోనే పరిగెత్తాను. నాకోసమే అన్నదని చెప్పాను, చేతులు పట్టుకున్నాను. కో-డైరెక్టరు కూడా పోనీ అని ఒక మాటన్నాడు. "మీకేం తెల్వదు సార్, గివాళ గీమె మాట్లాడితె రేపు అందరు మాట్లాడుతరు" అన్నాడు ఏజెంటు. తాయారక్క గోడ పక్కనున్న తన సంచీ తీసుకుంది.

గుట్ట దిగుతూ

ఇది రాసేనాటికి సంగతులివి. శేషు మళ్ళీ ఫోన్ చేశాడు. నేను కదలకుండా పడుకుంటానని పేరొచ్చిందట, ఇంకో శవం వేషం ఉంది వస్తారా అని అడిగాడు. ఇంకా ఏమీ చెప్పలేదు. తాయారక్కని నాతో వచ్చెయ్యమని బతిమాలాను. రానంది. మర్నాడు నేను స్టేషనుకి బయల్దేరేసరికి పట్టుచీర కట్టుకుని మలుపులో నిలబడి ఉంది, వేరే ఏజెంటు వ్యాను ఏదైనా ఆగుతుందేమోనని. ఆ రోజు ఏదీ ఆగలేదని తర్వాత తెలిసింది. యాదమ్మ ఈ నెలాఖరు దాకా ఆగుతానందట. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు.

షూటింగయిన సాయంత్రం ఇద్దరం జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్‌కి నడిచే దిగాం. ఆఫీసులు వదిలిన వేళ. మెడల్లో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు బస్సుల్లోంచి నవ్వుకుంటూ దిగుతున్నారు. నా జుట్టుకి పూసిన తెలుపు పూర్తిగా పోలేదు. ఆవిడ ముందు, నేను వెనక. నా మీద నాకే అసహ్యమేసింది. చచ్చిన దాన్ని చచ్చినట్టు నవ్వి ఉంటే ఆవిడ కూడు ఆవిడకి ఉండేది. వచ్చింది నా గొంతు వినిపించడానికి, చేసింది ఆవిడ కూడు పోగొట్టడం. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అక్కా, నన్ను క్షమించు" అన్నాను.

ఆవిడ విన్నట్టు లేదు. చాలా దూరం నడిచింది. తర్వాత ఆగి, వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే చిన్న గొంతుతో అడిగింది.

"సుభద్రా, నిజం చెప్పవే. గేటు దాకా వినపడిందా నా గొంతు?"

"వినపడింది అక్కా. గేటు అవతల వాచ్‌మన్ కూడా తిరిగి చూశాడు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆవిడ సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఉందన్నమాట. పోయిందనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది.